72 ఓట్లు... ఓ హీరో ప్రాణం!

సినిమాలో హీరో చనిపోతే ప్రేక్షకులు అలుగుతారు. సీరియల్లో నచ్చిన పాత్రని చంపేస్తే ఉత్తరాలు రాస్తారు. మరి, చంపాలో వద్దో మీరే తేల్చండంటూ ఆ నిర్ణయాన్ని పాఠకుల చేతుల్లోనే పెట్టేస్తే..? 1988లో అమెరికాలో అదే జరిగింది. బ్యాట్‌మాన్ పక్కనుండే కుర్రాడు రాబిన్ ప్రాణం ఫోన్ కాల్స్ మీద ఆధారపడింది. ఓట్లు లెక్కపెట్టారు. కుర్రాడు పోయాడు. ఆ లెక్క సరైనదేనా అన్న చర్చ మాత్రం ఇప్పటికీ పోలేదు!

* * *

బ్యాట్‌మాన్ 427వ సంచిక. ఆఖరి పేజీల్లో రాబిన్‌ని దుష్టుడు జోకర్ ఇనుపకడ్డీతో చావబాదుతాడు. గోదాములో బాంబు పెట్టి, తలుపుకి తాళం వేసి వెళ్లిపోతాడు. బ్యాట్‌మాన్ పరుగున వచ్చేసరికి గోదాము పేలిపోతుంది. తర్వాత ఏమైందోనని గుండె చిక్కబట్టుకుని పేజీ తిప్పిన పాఠకుడికి కథ కనిపించలేదు. రెండు ఫోన్ నంబర్లు కనిపించాయి! రాబిన్ బతకాలంటే ఒక నంబరు, చావాలంటే ఇంకో నంబరు. ఒక్కో కాల్‌కి 50 సెంట్లు. గడువు సెప్టెంబరు 15 ఉదయం నుంచి 16 రాత్రి దాకా.

టీవీ పాటల పోటీలకు ఎస్సెమ్మెస్‌లు పంపిన తరానికి ఇది వింతగా అనిపించకపోవచ్చు. కానీ అక్కడ ఓడిన గాయకుడు ఇంటికెళ్తాడు, మరో పోటీలో పాడుకుంటాడు. ఇక్కడ ఓడితే చావే!

మొత్తం 10,614 ఓట్లు పడ్డాయి. బతకాలన్నవి 5,271. చావాలన్నవి 5,343. తేడా... కేవలం 72! ముప్ఫై ఏడుగురు మనసు మార్చుకుని ఉంటే ఫలితం తిరగబడేది. ఇంకోలా చూస్తే, ఎవరైనా ఓ అభిమాని 73 సార్లు ఫోన్ చేసి 36 డాలర్ల 50 సెంట్లు ఖర్చుపెడితే రాబిన్ బతికిపోయేవాడు. ఒక మనిషి ఒక్కసారే చేయాలన్న నియమమేం లేదు మరి.

ఇంతకీ ఆ కుర్రాడు అయిదువేల మందికి పైగా 'పోతే పోనీ' అనేంత తప్పు ఏం చేశాడు?

ఎవరీ రాబిన్?

సూపర్‌హీరోల కథ 1938లో సూపర్‌మాన్‌తో మొదలైంది. జెర్రీ సీగెల్ రాస్తే జో షుస్టర్ బొమ్మలేశాడు. పది సెంట్ల 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో వచ్చిన ఆ కథకూ, పాత్రమీద హక్కులకూ కలిపి ఆ ఇద్దరికీ ముట్టింది 130 డాలర్లు! మరుసటి ఏడాదే బ్యాట్‌మాన్ వచ్చాడు. అతనికి ఎగిరే శక్తులేం లేవు. చిన్నప్పుడు కళ్లముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న బాధ, దాన్లోంచి పుట్టిన పట్టుదల... అంతే. రాత్రిపూట ఒంటరిగా తిరిగే ఆ పెద్దమనిషి పక్కన ఓ చిన్నవాడుంటే పిల్లలకి దగ్గరగా ఉంటుందని 1940లో రాబిన్‌ని తెచ్చారు. అతని పేరు డిక్ గ్రేసన్. సర్కస్ కుర్రాడు. ఇతని అమ్మానాన్నల్ని కూడా దుండగులే చంపారు.

నలభై ఏళ్లు గడిచేసరికి డిక్ పెద్దవాడయ్యాడు. 1984లో 'నైట్‌వింగ్' అని పేరు మార్చుకుని సొంతదారి చూసుకున్నాడు. అప్పటికే ఆ స్థానంలోకి వస్తున్నవాడే జేసన్ టాడ్. 1983లో మొదట వచ్చినప్పుడు అతనూ సర్కస్ కుర్రాడే, అతనూ అనాథే. పాత సీసాకి కొత్త చీటీ అంటించినట్టు ఉండేది. దాంతో 1987లో కథ మార్చారు. ఈసారి జేసన్ వీధిబాలుడు. నిలబెట్టి ఉన్న బ్యాట్‌మాన్ కారు చక్రాలే విప్పుకుపోబోయి దొరికిపోతాడు! దొంగతనానికి వచ్చినవాడి ధైర్యం చూసి నవ్వుకుని, బ్యాట్‌మాన్ అతన్ని ఇంటికి తీసుకెళ్తాడు.

మొదలు బాగుంది. కానీ పోనుపోను జేసన్‌కి కోపం ఎక్కువైంది. మాట వినేవాడు కాదు. జిమ్ స్టార్లిన్ అనే రచయిత కథలు రాయడం మొదలెట్టాక అది ఇంకా ముదిరింది. ఓ కథలో రాయబారి కొడుకొకడు ఆడవాళ్లని హింసించి, చట్టం తనని తాకలేదన్న ధీమాతో తిరుగుతుంటాడు. చివరికి వాడు బాల్కనీ మీదనుంచి పడి చచ్చిపోతాడు. అక్కడున్నది జేసన్ ఒక్కడే. వాడే జారాడా, జేసన్ తోశాడా? కథ చెప్పదు. బ్యాట్‌మాన్‌కీ తెలీదు.

కొందరు పాఠకులకు ఈ కుర్రాడిలోని మంట నచ్చింది. చాలామందికి నచ్చలేదు. వీడు రాబిన్ ఏంటని విసుక్కున్నారు. ఉత్తరాలూ రాశారు. ఆ ఉత్తరాల సంగతే అసలు కథ!

చిరునామాలు కలిపాయి...

మన వారపత్రికల్లో ముందు సీరియల్‌కి బదులు పాఠకుల ఉత్తరాలు చదివేవాళ్లుంటారు కదా... అమెరికా కామిక్స్‌లోనూ అలాంటి పేజీ ఉండేది. చాన్నాళ్లు అదో మామూలు పేజీ. 1960ల మొదట్లో డీసీ సంస్థ ఎడిటర్ జూలియస్ ష్వార్జ్ ఓ చిన్న మార్పు చేశాడు. ఉత్తరం రాసినవారి పేరుతోపాటు పూర్తి చిరునామా కూడా అచ్చేయించాడు. అంతే! ఎక్కడెక్కడో ఒంటరిగా కామిక్స్ చదువుకుంటున్నవాళ్లకి తమలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసింది. ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు.

డెట్రాయిట్‌లో కాలేజీ అధ్యాపకుడు జెర్రీ బెయిల్స్, మిస్సోరీలో ఉండే రాయ్ థామస్ అలాగే దగ్గరయ్యారు. 1961లో 'ఆల్టర్ ఈగో' అనే అభిమానుల పత్రిక పుట్టింది. కొత్త సంచిక ఎలా ఉంది, బొమ్మలు ఎవరు వేశారు, ఫలానా హీరో పాత కథలో చెప్పినదానికీ ఇప్పటిదానికీ పొంతన ఉందా... ఇదీ దాన్లోని సరుకు. పిల్లల కాలక్షేపం అని అందరూ తీసిపారేసే పుస్తకాల గురించి పెద్దవాళ్లు కూర్చుని తీరిగ్గా, శ్రద్ధగా రాశారు. ఆ రాయ్ థామస్ 1965లో మార్వెల్ సంస్థలో రచయితగా చేరాడు. 1972లో స్టాన్ లీ తర్వాత ప్రధాన సంపాదకుడయ్యాడు! ఉత్తరం రాసే అభిమాని ఎడిటర్ కుర్చీలో కూర్చున్నాడన్నమాట.

జిమ్ షూటర్ కథ ఇంకా ఆశ్చర్యం. పిట్స్‌బర్గ్ కుర్రాడు. నాన్న ఉక్కు కార్మికుడు, ఇంట్లో డబ్బుకి కటకట. పన్నెండేళ్లప్పుడు ఆస్పత్రిలో చేరితే అక్కడ కామిక్స్ కుప్పలుగా దొరికాయి. చదివాడు. ఒక సంస్థ కథలు చప్పగా, ఇంకోదాని కథలు రసవత్తరంగా ఎందుకున్నాయా అని ఆలోచించాడు. మామూలు అభిమానైతే 'అది బాగుంది, ఇది బాలేదు' అని ఊరుకునేవాడు. షూటర్ మాత్రం రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, తేడా ఎక్కడుందో పట్టి, చప్పగా ఉన్న డీసీ వాళ్లకే ఓ కథ రాసి పంపాడు. దాన్ని కొన్నారు! పద్నాలుగేళ్లకి, 1966లో అతని కథలు అచ్చవడం మొదలైంది. రాసేది పిల్లవాడని ఎడిటర్‌కి తర్వాతగానీ తెలీలేదు. 1978లో ఆ షూటరే మార్వెల్ ప్రధాన సంపాదకుడయ్యాడు.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథల రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ పేరు మొదటిసారి అచ్చులో పడింది కూడా ఇలాంటి పేజీలోనే. 1963లో 'ఫెంటాస్టిక్ ఫోర్' 20వ సంచికలో, ఆ పత్రికని మెచ్చుకుంటూ కుర్రాడిగా రాసిన ఉత్తరం అది.

తప్పు పడితే... ఖాళీ కవరు!

అభిమానులు ఊరికే పొగిడేవాళ్లు కాదు. భూతద్దం పెట్టి వెతికేవాళ్లు. ఈ పేజీలో చొక్కా నీలం, ఆ పేజీలో ఆకుపచ్చ... హీరో ఇంటిపేరు మార్చేశారేంటి... ఇలా తప్పులు పట్టేవాళ్లు. వాళ్లకోసం మార్వెల్ 'నో-ప్రైజ్' అని ఓ బహుమతి పెట్టింది. పేరులోనే ఉంది... బహుమతి లేదని! కొన్నాళ్లకి అభిమానులకు నిజంగానే ఓ కవరు వచ్చేది. మీరు గెలుచుకున్న నో-ప్రైజ్ ఇందులో ఉందని పైన అచ్చేసి ఉండేది. విప్పితే లోపల ఏమీ ఉండదు! ఆ ఖాళీ కవర్లని ఇప్పటికీ అపురూపంగా దాచుకున్నవాళ్లున్నారు.

తమాషా అలా ఉంచితే, అందులో ఓ మంచి సంగతి ఉంది. తర్వాత్తర్వాత తప్పు పట్టినంత మాత్రాన కవరు వచ్చేది కాదు. ఆ తప్పు నిజానికి తప్పెందుకు కాదో, కథకి తగ్గట్టు సమర్థించి చెప్పినవాళ్లకే ఇచ్చేవారు. వేలెత్తి చూపితే చాలదు, బుర్ర పెట్టాలి.

బుర్ర పెట్టడం ఎంతదాకా వెళ్తుందో చెప్పడానికి గ్వెన్ స్టేసీ మరణాన్ని మించిన ఉదాహరణ లేదు. గ్వెన్ స్పైడర్‌మాన్ ప్రేయసి. 1973లో వచ్చిన 121వ సంచికలో గ్రీన్ గాబ్లిన్ ఆమెని వంతెన మీదనుంచి తోసేస్తాడు. స్పైడర్‌మాన్ సాలెతాడు విసిరి పట్టుకుంటాడు. 'హమ్మయ్య' అనుకుంటూ పైకి లాగితే... ఆమె చనిపోయి ఉంటుంది. సూపర్‌హీరో కథల్లో అప్పటిదాకా హీరో సమయానికి వచ్చాడంటే ఆపద తప్పినట్టే. ఆ నమ్మకం ఆ రోజు పోయింది. అభిమానులు మండిపడ్డారు. కాలేజీల్లో ఉపన్యాసాలకు వెళ్లిన స్టాన్ లీని నిలదీశారు.

కోపంతోపాటు ఓ ప్రశ్న కూడా పుట్టింది. ఆమెని చంపింది పడిపోవడమా, తాడు పట్టుకోవడమా? బొమ్మలో గ్వెన్ మెడ దగ్గర సన్నగా 'టక్'మన్నట్టు ఓ శబ్దం రాసి ఉంది. చివరికి 125వ సంచిక లేఖల పేజీలో జవాబిచ్చారు. తాడు ఒక్కసారిగా ఆపడంవల్ల మెడకి తగిలిన కుదుపే కారణమని! మినెసోటా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే జేమ్స్ కకాలియోస్ ఈ దృశ్యాన్ని క్లాసులో పాఠంగా చెప్పాడు. 2005లో వచ్చిన తన 'ద ఫిజిక్స్ ఆఫ్ సూపర్‌హీరోస్'లోనూ రాశాడు. లెక్క కష్టమేం కాదు. 90 మీటర్ల ఎత్తునుంచి పడే మనిషి కిందకి వచ్చేసరికి గంటకు 150 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. అరసెకనులో ఆపేస్తే ఒంటి బరువుకి తొమ్మిది పది రెట్ల బలం మీద పడుతుంది. కార్లలో గాలిసంచులు పెట్టేది ఎందుకంటే, ఆగే సమయాన్ని కాస్త పెంచడానికే. స్పైడర్‌మాన్ ఆమెతోపాటే కొంతదూరం కిందకి జారుతూ మెల్లగా ఆపి ఉంటే...

చూశారా? 'గ్వెన్‌ని ఎందుకు చంపారు' అన్న కోపం భౌతికశాస్త్ర పాఠందాకా వచ్చింది. ఉత్తరంలో కారణం రాయడానికి చోటుంది కాబట్టే అది సాధ్యమైంది. ఫోన్ నంబరుకి ఆ చోటు లేదు!

అభిమాని ఏం చూస్తాడు?

కొత్త సంచిక చేతికి రాగానే నికార్సైన అభిమాని చూసే విషయాలు కొన్నున్నాయి. ఇంట్లో పిల్లలు కామిక్స్ చదువుతుంటే మీరూ అడిగి చూడండి.

మాటలు మూసేసి చూస్తే కథ తెలుస్తోందా: మంచి చిత్రకారుడు సంభాషణలు లేకుండానే సగం కథ చెప్పేస్తాడు. గడి పక్కన గడి... ఏది పెద్దదిగా వేశాడు, ఏది చిన్నదిగా వేశాడు అన్నదాంట్లోనే వేగం ఉంటుంది.

గీత ఎవరిది, సిరా ఎవరిది: పెన్సిల్‌తో వేసేది ఒకరు, దానిమీద సిరాతో దిద్దేది ఇంకొకరు, రంగులు మరొకరు, అక్షరాలు వేరొకరు. ఒకే చిత్రకారుడి బొమ్మ సిరా మారితే మారిపోతుంది.

నిన్నటి కథతో పొంతన: ఎనభై ఏళ్లకు పైబడిన పాత్రకి పాత సంగతులు బోలెడు. గుర్తుంచుకుని రాశారా, వీలుగా మర్చిపోయారా?

హీరో ఇలా చేస్తాడా: అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. గెలిచాడా ఓడాడా అన్నది కాదు... అతను అతనిలాగే ప్రవర్తించాడా అని.

ఎండ్రకాయ నేర్పిన పాఠం

మళ్లీ రాబిన్ దగ్గరికొద్దాం. ఈ ఫోన్ ఓటు ఆలోచన బ్యాట్‌మాన్ పత్రికల ఎడిటర్ డెనిస్ ఓనీల్‌ది. దాని మూలం ఓ హాస్య కార్యక్రమం! 1982లో 'శాటర్‌డే నైట్ లైవ్' అనే టీవీ షోలో నటుడు ఎడీ మర్ఫీ బతికున్న ఓ సముద్రపు ఎండ్రకాయని చూపించి, వండాలా వదిలేయాలా చెప్పమని ప్రేక్షకుల్ని అడిగాడు. దాదాపు అయిదు లక్షల ఫోన్లు వచ్చాయి. జనం ఎండ్రకాయని బతికించమన్నారు. అది ఓనీల్‌కి గుర్తుండిపోయింది. పాఠకులు ఎలాగూ జేసన్ గురించి వాదులాడుకుంటున్నారు కదా, వాళ్లనే తేల్చమందాం అనుకున్నాడు.

రచయిత స్టార్లిన్‌కి అసలు రాబిన్ అనే పాత్రే ఇష్టం లేదు. రాత్రిపూట హంతకుల వెంటపడే పనికి ఓ పిల్లవాడిని, అదీ రంగురంగుల బట్టలేసి తీసుకెళ్తారా అన్నది అతని అభ్యంతరం. 'ఎ డెత్ ఇన్ ద ఫ్యామిలీ' అన్న పేరుతో నాలుగు సంచికల కథ తయారైంది. జిమ్ అపారో బొమ్మలేశాడు. మూడో భాగానికి రెండు ముగింపులు సిద్ధం చేసి, ఫోన్ల లెక్క తేలేదాకా ఆగారు. ఎండ్రకాయ మీద జాలిపడ్డ జనానికి పద్నాలుగు పదిహేనేళ్ల కుర్రాడి మీద జాలి కలగలేదు!

ఓనీల్ తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. ఎవరో ఒక్కడే కంప్యూటర్‌తో పదేపదే 'చావాలి' నంబరుకి డయల్ చేయించాడని తాను విన్నానని. అది రుజువు కాలేదు. నిజమైతే మాత్రం... వేలమంది తీర్పు అనుకున్నది ఒక్కడి తీర్పు కావచ్చు.

ఇంతకీ కథ బాగుందా?

ఓట్ల గొడవలో చాలామంది అడగని ప్రశ్న ఇది. ఇప్పుడు పుస్తకంగా దొరికే ఆ నాలుగు భాగాల్నీ ఒక్కబిగిన చదివిన అభిమానులు రెండు రకాలుగా మాట్లాడతారు.

ఒకటి, కథలో కాకతాళీయాలు మరీ ఎక్కువ. జేసన్ తన కన్నతల్లిని వెతుక్కుంటూ బయల్దేరతాడు. అదే సమయానికి జోకర్ ఓ అణు క్షిపణి అమ్ముకోవడానికి బయల్దేరతాడు. ఇద్దరి దారులూ మళ్లీమళ్లీ కలుస్తాయి. చివరి భాగంలోనైతే జోకర్ ఏకంగా ఇరాన్ రాయబారిగా ఐక్యరాజ్యసమితికి వచ్చేస్తాడు! దౌత్యవేత్త కాబట్టి ముట్టుకోకూడదట. ఆనాటి వార్తాపత్రికల శీర్షికల్ని కత్తిరించి అతికించినట్టుండే ఈ భాగం ఇప్పుడు చదివితే ఇబ్బందిగానే ఉంటుంది.

రెండోది, మధ్యలోని మనిషి కథ మాత్రం ఇప్పటికీ గుండెని పిండుతుంది. ఇథియోపియాలో సహాయక శిబిరంలో పనిచేసే ఆమే తన తల్లని జేసన్‌కి తెలుస్తుంది. తానే రాబిన్‌నని నమ్మకంగా చెప్పుకుంటాడు. జోకర్ గుప్పిట్లో ఉన్న ఆమె, తనని తాను కాపాడుకోవడానికి కొడుకునే అప్పగిస్తుంది. ఒళ్లంతా దెబ్బలతో, లేవలేని స్థితిలో ఉన్న ఆ కుర్రాడు చివరి నిమిషాల్లో చేసిందేంటో తెలుసా? తనని పట్టిచ్చిన ఆ తల్లి కట్లు విప్పడం! బాంబు పేలేముందు ఆమెకి అడ్డంగా నిలబడ్డాడని కొనప్రాణంతో ఉన్న ఆ తల్లే బ్యాట్‌మాన్‌కి చెబుతుంది.

మాట వినడు, కోపిష్టి, రాబిన్ పేరుకి తగడు... ఇవీ జేసన్ మీద ఫిర్యాదులు. ఆమెకి అడ్డంగా నిలబడ్డాడని తెలిపే పేజీలు అచ్చయ్యేసరికి ఫోన్ లైన్లు మూసేశారు. పాఠకులు ఓటేసింది కథ పూర్తిగా చదవకముందే!

గెలిచారు... ఎవరు?

ఫలితం బయటికి రాగానే పత్రికలూ, టీవీలూ 'రాబిన్ చనిపోయాడు' అని హోరెత్తించాయి. కామిక్స్ చదవనివాళ్లకి డిక్ ఎవరో జేసన్ ఎవరో తెలీదు. వాళ్లకి రాబిన్ అంటే చిన్నప్పుడు టీవీలో చూసిన రాబిన్. ఆ రాబిన్‌నే చంపేశారనుకుని తిట్టిపోశారు. జనం గుండెల్లో రాబిన్ ఎంత పాతుకుపోయి ఉన్నాడో ఓనీల్‌కి అప్పుడే అర్థమైంది. తోటి రచయితలకూ రుచించలేదు. బ్యాట్‌మాన్ కథల్ని మలుపు తిప్పిన ఫ్రాంక్ మిల్లర్ ఈ ఫోన్ ఓటుని ఘాటుగా విమర్శించాడు. తమాషా ఏంటంటే, జేసన్ చనిపోయాడన్న మాట మొదట రాసింది మిల్లరే! 1986లో వచ్చిన అతని 'ద డార్క్ నైట్ రిటర్న్స్' ముసలి బ్యాట్‌మాన్ కథ. అందులో జేసన్ అప్పటికే లేడు. కానీ రచయిత తన కథకి అవసరమై ఓ పాత్రని పోగొట్టడం వేరు, రేటు పెట్టి జనంతో చంపించడం వేరు కదా.

సంపాదకులు ఇంకో విషయం కూడా గమనించారు. రాబిన్ పోయాక బ్యాట్‌మాన్ కథలు మరీ చీకటైపోయాయి. కథలో బ్యాట్‌మాన్ కూడా ఎవర్నీ లెక్కచేయకుండా, కొట్టించుకుంటూ, కొడుతూ తిరుగుతుంటాడు. అప్పుడు వచ్చాడు మూడో రాబిన్. పేరు టిమ్ డ్రేక్. 1989లో మార్వ్ వుల్ఫ్‌మాన్ సృష్టించిన ఈ కుర్రాడు ఎవరో తెలుసా? అభిమాని!

అవును, టిమ్ చిన్నప్పట్నుంచీ బ్యాట్‌మాన్, రాబిన్‌ల గురించి వార్తలు కత్తిరించి దాచుకునేవాడు. డిక్ సర్కస్‌లో చేసిన ఓ ఫీటు చూసి గుర్తుపెట్టుకుంటాడు. టీవీలో రాబిన్ సరిగ్గా అదే ఫీటు చేయడం చూసి ముసుగు వెనక ఎవరున్నారో కనిపెట్టేస్తాడు. బ్యాట్‌మాన్ దారి తప్పుతున్నాడని గమనించి తలుపు తడతాడు. తనని రాబిన్‌ని చేయమని అడగడానికి కాదు... బ్యాట్‌మాన్‌కి ఓ రాబిన్ అవసరమని చెప్పడానికి. చీకట్లో తిరిగే మనిషి చీకటైపోకుండా ఉండాలంటే పక్కన ఓ వెలుగుండాలన్నది అతని వాదన. బ్యాట్‌మాన్ మొదట ఒప్పుకోడు. కుర్రాడు వాదిస్తాడు. సాక్ష్యాలు చూపిస్తాడు. చివరికి ఒప్పిస్తాడు. అభిమానుల ఓటు పోగొట్టిన రాబిన్‌ని ఓ అభిమాని వాదనే తిరిగి నిలబెట్టిందన్నమాట! దీన్ని పాఠకులు మనసారా ఒప్పుకున్నారు. టిమ్‌కి సొంత పత్రిక కూడా వచ్చింది.

చచ్చినవాడు తిరిగొచ్చాడు

సూపర్‌హీరో కథల్లో చావు ఎవరికీ శాశ్వతం కాదు. 1992లో సూపర్‌మాన్‌ని చంపితే పుస్తకాల షాపులముందు జనం బారులు తీరారు. మరుసటి ఏడాదే తిరిగొచ్చాడు. అందుకే అభిమానుల్లో ఓ నానుడి ఉండేది. స్పైడర్‌మాన్ బాబాయ్ బెన్, కెప్టెన్ అమెరికా నేస్తం బకీ, జేసన్ టాడ్... ఈ ముగ్గురు తప్ప పోయినవాళ్లంతా తిరిగొస్తారని. 2005లో ఆ నానుడి కూడా పోయింది. బకీ, జేసన్ ఇద్దరూ ఆ ఏడాదే తిరిగొచ్చారు!

జేసన్ ఎలా బతికాడన్నదానికి డీసీ చెప్పిన కారణం విని అభిమానులు పడీపడీ నవ్వారు. వేరే లోకంలో ఉన్న ఓ సూపర్‌బాయ్ కోపంతో వాస్తవం అనే గోడని గుద్దితే ఆ అదురుకి సమాధిలో జేసన్ లేచి కూర్చున్నాడట! 2010లో వచ్చిన యానిమేషన్ చిత్రం 'అండర్ ద రెడ్ హుడ్'లో ఈ గోడ గొడవ లేకుండా కథ మార్చారు. చాలామంది అభిమానులు ఇప్పటికీ ఆ మార్పునే మెచ్చుకుంటారు.

కానీ జడ్ వినిక్ రాసిన ఆ పునరాగమనంలో ఓ ప్రశ్న ఉంది, అది మాత్రం నవ్వుకునేది కాదు. 'రెడ్ హుడ్' పేరుతో తిరిగొచ్చిన జేసన్ బ్యాట్‌మాన్‌ని నిలదీస్తాడు. నన్ను కాపాడలేకపోయినందుకు కోపం లేదంటాడు. నన్ను చంపినవాడు ఇంకా బతికే ఉన్నాడెందుకని అడుగుతాడు. చంపడం మొదలెడితే ఆగలేనంటాడు బ్యాట్‌మాన్. ఇద్దరిలో ఎవరిది న్యాయం? ఇరవై ఏళ్లుగా అభిమానులు వాదించుకుంటూనే ఉన్నారు. ఒకప్పుడు విసుక్కున్న కుర్రాడే ఇప్పుడు ఎంతోమందికి ఇష్టమైన పాత్ర.

చివరికి ఆ ఓటు కూడా తిరగబడింది! 1988లో గీసి పక్కనపెట్టిన రెండో ముగింపుతో, రాబిన్ బతికినట్టుగా 428వ సంచికని 2023 డిసెంబరులో డీసీ అచ్చేసింది. బతికి ఉంటే తర్వాత ఏమయ్యేదన్న కథని 2024లో జె.ఎం. డిమాటిస్ నాలుగు సంచికలుగా రాశాడు. అందులో జేసన్ హాయిగా నవ్వుతూ ఇంటికొచ్చేయడు. ఆ గోదాములో జరిగింది మనసుని వదలక నలిగిపోతాడు. బతకడమంటే శ్వాస ఆడటమొక్కటే కాదని చెప్పే కథ.

ఎన్ని కాదు... ఎందుకు?

ఇప్పుడు అభిప్రాయం చెప్పడానికి స్టాంపు అంటించక్కర్లేదు. 2002లో డీసీ తన పుస్తకాల్లోంచి లేఖల పేజీని తీసేసింది. అభిమానులంతా ఇంటర్నెట్‌లోనే మాట్లాడుకుంటున్నారు కదా అన్నది కారణం. ఇప్పుడు ఫోన్లోనే నక్షత్రాలిచ్చేయొచ్చు, బొటనవేలు పైకో కిందకో చూపించేయొచ్చు. అభిమానుల బలమూ పెరిగింది. 2017లో వచ్చిన 'జస్టిస్ లీగ్' సినిమా నచ్చక, దర్శకుడు జాక్ స్నైడర్ తీసిన అసలు రూపం కావాలని పట్టుబట్టి, 2021లో నాలుగు గంటల సినిమాని విడుదల చేయించుకున్నారు.

బలం ఉండటం తప్పు కాదు. మంచి పుస్తకాన్ని నిలబెట్టేదీ, చెత్త కథని దులిపేసేదీ అభిమానులే. అయితే ఆ బలం దేన్నుంచి వస్తోందన్నదే ప్రశ్న. షూటర్‌ని రచయితని చేసింది 'ఎందుకు చప్పగా ఉంది' అన్న ఆలోచన. గ్వెన్ మరణం క్లాసు పాఠమైంది 'ఎలా చనిపోయింది' అన్న ప్రశ్నతో. జేసన్‌ని చంపినవి మాత్రం ఏ కారణమూ చెప్పక్కర్లేని అయిదువేల చిల్లర ఫోన్లు. వాటిలో నిజంగా ఆలోచించినవి ఎన్నో, సరదాకి చేసినవి ఎన్నో, కంప్యూటర్ చేసినవి ఎన్నో... లెక్కకి అన్నీ ఒకటే!

అందుకే ఇంట్లో పిల్లలు ఏ కామిక్స్ పుస్తకమో మూసి 'సూపర్‌గా ఉంది' అనో 'చెత్త' అనో అన్నారనుకోండి... అక్కడితో వదిలేయకండి. 'ఎందుకూ?' అని అడగండి. మొదట భుజాలెగరేస్తారు. రెండోసారి అడిగితే పుస్తకం మళ్లీ తెరుస్తారు. ఫలానా పేజీ చూపించి, ఇదిగో ఇక్కడ హీరో అలా చేయకూడదు అంటారు. ఎందుకు చేయకూడదో చెప్పడం మొదలెడతారు. మీరు కాదనండి. వాళ్లు వాదిస్తారు. మంచీచెడ్డా, న్యాయం, జాలి, కోపం... అన్నీ ఆ వాదనలోకి వచ్చేస్తాయి.

పాపం జేసన్ టాడ్‌కి ఆ అవకాశం దక్కలేదు. అతని గురించి పదివేలమంది మాట్లాడారు. ఎందుకని వాళ్లని ఎవరూ అడగలేదు!